వాలుగ తోక మీద పంటిగాటు

దెయ్యం, గాలి అంటే నవ్వేసే మనిషిని నేను. బందరులో మా ఇంటిల్లిపాదీ టీచర్లూ గుమస్తాలే. కాగితం మీద లేనిది మాకు లేనట్టే. ఇప్పటికీ దెయ్యాల్ని నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

కృష్ణలో వాలుగ చేపలు ఎన్ని మిగిలాయో అంచనా కట్టడం నా ఉద్యోగం. పట్టిన చేప పక్క రెక్కని కత్తెరతో కాస్త కత్తిరించి వదిలేస్తాం. మళ్ళీ వల వేసినప్పుడు అలాంటివి ఎన్ని పడ్డాయో చూసి మొత్తం లెక్క తేలుస్తాం.

నాగాయలంక దగ్గర మడుగులో మాకు పడవ నడిపింది నాంచారయ్య. మావయ్యా అని పిలిచేదాన్ని. ఆయనకి ఈ విద్య మేం వెళ్ళకముందే తెలుసు. గుడ్డుతో ఉన్న వాలుగ పడితే అమ్మేవాడు కాదు. తోక అంచు పంటితో కొరికి, గుర్తు పెట్టి ఏట్లో వదిలేసేవాడు. రెండు చేతులూ ఆ చేపని పట్టుకోడానికే చాలవు మరి. పై ముందుపన్ను ఒకటి లేకపోవడంతో ఆయన గాటు అర్ధచంద్రంలా పడి మధ్యలో చిన్న ముక్క మిగిలేది. తోటివాళ్ళు పిచ్చోడని ఏడిపించినా మానలేదు.

ఆయన పోయిన మరుసటి ఏడు పడవ కూతురు నాగమణి చేతికొచ్చింది. ఆ తొలకరిలో మా సర్వే చివరి రోజు దాకా గుడ్డు చేప ఒక్కటీ పడలేదు. రిపోర్టు అలాగే వెళ్తే ఆ మడుగులో వాలుగ గుడ్లు పెట్టడం లేదని తేలిపోతుంది, అక్కడ వేట మీదున్న నిషేధం ఎత్తేస్తారు. ఆ నిషేధం కోసం ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది నాంచారయ్యే. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పొద్దున తొమ్మిది దాటింది. ఎండ బాగా ఉంది. ఆఖరి వల లాగుతూ నాగమణి చేతులు ఆపేసింది. వలలో మూరన్నర వాలుగ, పొట్ట నిండా గుడ్లు. తోకకి గాటు. అర్ధచంద్రం, మధ్యలో ముక్క. అంచుల్లో ఇంకా నెత్తురు చెమరుస్తోంది.

"మా నాన్నదండీ," అంది నాగమణి.

కొలిచాను, ఫోటోలు తీశాను. పాత గాటైతే ఈపాటికి తోక అంచు తిరిగి పెరిగిపోవాలి. వలకి చిరిగిందేమో, వేరే చేప కొరికిందేమో అని చూశాను. ఆయన బతికుండగా తీసిన గాట్ల ఫోటోల పక్కన పెట్టి చూస్తే తేడా లేదు. పాలకాయతిప్ప దాకా రేవు రేవునా అడిగాను. అలా కొరికే మనిషి ఇంకెవరూ లేరన్నారు.

నిషేధం నిలిచింది. రిపోర్టులో 'గుర్తు పెట్టినవారు' అన్న చోట నాంచారయ్య పేరు రాశాను. పై అధికారి పిలిచి, "పోయినాయన పేరు రాశావేమిటమ్మా?" అన్నారు.

"ఇంకెవరి గాటో మీరు చెప్పండి సార్, మార్చేస్తాను."

ఆయన ఫోటోలు తిప్పి తిప్పి చూసి సంతకం పెట్టారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను రాసినవాటిలో నాకు గర్వంగా ఉండేది ఆ పేరే.

దాని పక్కనే గుర్తు పెట్టిన తేదీ రాయాల్సిన గడి ఉంది. అందులో ఏం రాయాలో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.