జేజి వడిసెల

మొన్న కర్నూలు బస్టాండులో ఉడికిన శెనక్కాయల వాసన తగలగానే, చిన్నప్పుడు జేజితో, అంటే మా నాయనమ్మతో, ఆత్మకూరులో చూసిన సినిమా గుర్తొచ్చింది. తెలివొచ్చిన కోతుల కథ అది. బోనులోని పెద్ద కోతి ఉన్నట్టుండి కాపలావాణ్ణి, "ఎందుకు కొడతావ్?" అని తెలుగులో అడిగింది. ఈలలు ఆగిపోయాయి. ముందు వరసలో ఒకాయన లేచి "ఆంజనేయసామీ!" అని దండం పెడితే హాలంతా నవ్వింది. జేజి మాత్రం శెనక్కాయలు ఒలవడం ఆపేసి అట్లే కూర్చుంది.

మా శెనక్కాయ చేను నల్లమల అంచున ఉండేది. కోతుల మంద దిగితే జేజి వడిసెలలో రాయి పెట్టి విసిరేది. గురి తప్పేది కాదు. రాళ్లు ఏరి గట్టు మీద కుప్ప పోయడం నా పని.

సినిమా చూసిన మర్నాడు కోతులు రాగానే జేజి, "పోండప్పా, మాకూ గింజలు కావల్ల. చెప్తాండా కదా!" అని కాసేపు ఆగింది. ఏం బదులొస్తుందోనని నేను చెవులు రిక్కించాను. పెద్దదొకటి మావైపే చూస్తూ కాయ కొరికింది. జేజి వడిసెల గిరగిరా తిప్పి ఫట్‌మనిపించగానే అన్నీ అడవిలోకి ఉరికాయి.

"జేజీ, వాటికి అర్థమయిందా?"

"అయ్యింటాదిలే."

"మరి మాట్లాడలేదే?"

"నీ ముందర సిగ్గేమో పాపా."

పంట తీసేదాకా రోజూ వాటిని పలకరించి చూశాను. ఆ ఏడు కాయలు తగ్గాయని నాయన గొణిగాడు. నా రాళ్ల కుప్ప మాత్రం తరగలేదు. మాట వింటున్నాయి కాబట్టే రాయి అవసరం రాలేదనుకున్నాను.

ఆ సినిమా చూశాక జేజి రాయి పెట్టకుండా వట్టి వడిసెలే తిప్పిందని మొన్న బస్టాండులో, శెనక్కాయల పొట్లం చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు తట్టింది.