మరిగెలో తేలిన బంగారం

నా చిన్నప్పుడు నా చెవులకు వేపపుల్లలే నగలు. చెవులైతే కుట్టించారు గానీ బంగారం అమరలేదు. పుల్ల ఊడినప్పుడల్లా రంధ్రం పూడిపోతుందేమోనని నాకు ఒకటే ఏడుపు. మా జేజి, అంటే నాయన తల్లి, "మన వంకే ఇస్తాదిలే" అనేది.

రామగిరి కొండల కింద మా ఊరు. వానొస్తే వంక పారుతుంది, ఆగితే నాలుగు రోజుల్లో ఎండిపోతుంది. ఆ కాస్త నీళ్లున్నప్పుడే జేజి రాళ్ల సందుల్లో ఇసుక తోడి, వెడల్పాటి కొయ్య మరిగెలో వేసి, బియ్యం గాలించినట్టు గాలించేది. తేలిక ఇసుక అంచు దాటి పోయేది. అడుగున నల్ల ఇసుకా, అందులో పసుపు పొడిలా బంగారు రజనూ మిగిలేవి. ఏళ్లుగా కూడబెట్టినదానికి ఇంకొక్క చిటికెడు కలిస్తే నా పోగులకు చాలునని నగలు చేసే ఆచారి చెప్పాడు. పక్కింటి అత్త మాత్రం "ఏమవ్వా, వంకలో బంగారు మొలిచిందా?" అని నవ్వేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడు పడింది ఒక్క వానే. జేజి మరిగె పగిలిపోతే కొత్తది తెచ్చారు. ఎండకు బీటలు వారకూడదని మా అమ్మ దానికి బాగా ఆముదం పట్టించింది. కొత్త కొయ్య సామాను వస్తే మా ఊళ్లో అందరూ చేసే పనే అది. తీరా వంకలో చివరి మడుగు దగ్గర గాలిస్తే, రజను అడుగున నిలవక నీళ్లపైకి తేలింది. కొంత నా కళ్లముందే అంచు దాటి పోయింది. అమ్మ కంగారుపడి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ మొదలుపెడదామని మరిగె వంచబోయింది.

"పారబోయొద్దుమే! మిగిలిన బంగారు యాడికీ పోలేదు. జిడ్డు దాన్ని మోస్తాండాది, అంతే" అని జేజి గద్దించింది.

నన్ను కుంకుడుకాయల కోసం ఇంటికి పరుగెత్తించి, నేను వచ్చేదాకా మరిగెను కదలనీయకుండా పట్టుకుని కూర్చుంది. కాయలు చితక్కొట్టి, రసం చిలకరించి, అంచును వేలితో మెల్లగా తట్టింది. తేలుతున్న రజనంతా మునిగి అడుక్కు చేరింది. నేను కేక పెట్టి గంతులేశాను. అమ్మ ఏడుస్తూనే నవ్వింది.

పోగులు పెట్టుకున్న రోజు, పనేమీ లేకపోయినా పక్కింటి వాకిలి ముందు అటూ ఇటూ తిరిగాను. అత్త నా చెవి పట్టుకుని చూసి చూసి, "మీ జేజికి చెప్పుమే, ఈసారి వానకు నేనూ వస్తా" అంది. ఊరంతా గెలిచినంత సంబరం నాకు!

ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా నా మాటకు అందకుండా దూరం జరుగుతుంటే, కోపంతో తెంచుకోను. జిడ్డు ఎక్కడ పట్టిందా అని చూస్తాను. చాలాసార్లు అది ఎవరో ప్రేమగా రాసిన ఆముదమే.