టోపీ పెట్టిన కొంగ

మా పల్లెలో మనిషిని తిట్టడానికి ఒక వేళ ఉండేది. అది వల లాగే వేళ. తీరంలో రెండు బారులుగా నిలబడి, సముద్రంలో వేసిన పెద్దవలను తాళ్ళతో ఒడ్డుకు లాగుతున్నంతసేపూ పాట ఎత్తుకున్నవాళ్ళు ఎవరినైనా ఏమైనా అనవచ్చు. కరణాన్ని అనవచ్చు, సొంత మామను అనవచ్చు, వల ఎవరిదో ఆ కామందునూ అనవచ్చు. తాడు కిందపెట్టాక మళ్ళీ ఎవరి మర్యాద వాళ్ళది. "తాడు పట్టినోళ్ళకి తప్పు లేదు" అనేవాళ్ళు పెద్దలు. పాటకు కోపం తెచ్చుకున్న కామందు వలలో నాచే పడుతుందని ఒక నమ్మకం కూడా ఉండేది. అందుకే మా కామందు ఎన్ని తిట్లు తిన్నా ఒడ్డున నిలబడి పళ్ళికిలించేవాడు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా అన్న పరాయి దేశంలో జైలుకు పోయింది దీనివల్లే.

దొరవారిసత్రంలో రైలు దిగి తూర్పుకు నడిచి, సరస్సును పడవలో దాటితే మా పల్లె వచ్చేది. నాయన సముద్రంలోనే పోయాడు. అమ్మ వలతాడు పట్టి నన్ను చదివించింది. ఎనిమిదో తరగతి అయి, ట్రైనింగు కూడా అయి, నేను మా పల్లె బడిలోనే పంతులమ్మనయ్యాను. అన్న మాత్రం మీసాలు రాకముందే మేనమామ వెంట మద్రాసులో ఓడెక్కి రంగూన్ పోయాడు. అక్కడ రేవులో బరువులు లాగే ముఠాలో చేరాడు. గొంతు బాగుండేది కాబట్టి కొన్నేళ్ళకు ముఠాలో పాట ఎత్తుకునే పని వాడిదే అయింది.

పాటలన్నీ అమ్మవి. మా అమ్మ నోట్లో నోరు పెట్టి గెలిచినవాళ్ళు ఆ తీరంలో లేరు. ఒకసారి కామందు మద్రాసు పోయి, ఎవరో దొర వాడి పారేసిన గట్టి టోపీ ఒకటి కొనుక్కొచ్చాడు. తెల్ల పంచె, పొడుగాటి సన్నకాళ్ళు, నెత్తిన ఆ టోపీ. మర్నాడే అమ్మ కట్టేసింది:

"టోపీ పెట్టిన కొంగయ్యా - ఏలేలో
గట్టున నిలిచిన కొంగయ్యా - ఏలేలో
కాలు తడవని కొంగయ్యా - ఏలేలో
మా చేపలు మింగే కొంగయ్యా - ఏలేలో"

టోపీ పెట్టడానికి మనలో రెండు అర్థాలు కదా. తన నెత్తిన పెట్టుకోవడం ఒకటి, ఎదుటివాడి నెత్తిన పెట్టడం ఇంకొకటి. వాటాలు పంచేటప్పుడు కామందు ఆ రెండోది బాగానే చేసేవాడు కాబట్టి పాట పల్లెంతా అంటుకుంది. యాభైల చివర్లో అన్న ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు, ఉన్నన్నాళ్ళూ ఆ పాటే పాడి, తిరిగి పోయేటప్పుడు దాన్నీ వెంట తీసుకుపోయాడు.

అరవైలలో రంగూన్లో సైన్యం గద్దెనెక్కిందని, మనవాళ్ళ అంగళ్ళు లాక్కుంటున్నారని పేపర్లో చదివాను. ఓడల నిండా మనుషులు కట్టుబట్టలతో మద్రాసులో దిగుతున్నారన్నారు. అన్న కూడా వస్తాడని అమ్మ వాడికిష్టమైన సావిడాయ చేపలు ఎండబెట్టి దాచింది. అన్నకు బదులు ఇంకొకతను వచ్చాడు.

చిట్టమూరు వైపు మనిషి, అన్న ముఠాలోనే పనిచేసినవాడు. గడపలో కూర్చున్నప్పటినుంచీ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. మా వాకిట్లో కోళ్ళు తప్ప ఎవరూ లేరు.

"అన్నని పట్టుకోని పోయినారక్కా," అన్నాడు నాతో, పెదాలు కదిలీ కదలకుండా.

"ఎందుకు? ఏం చేసినాడు?"

"పాట పాడినాడు."

అమ్మ నవ్వింది. నిజంగానే నవ్వింది. "పాట పాడితే పట్టుకోని పోతారా యాడన్నా? ఏం పాటయ్యా అది?"

అతను మళ్ళీ ఒకసారి వీధివైపు చూశాడు. పాట చెప్పకుండా, చెయ్యెత్తి తన నెత్తిమీద టోపీలాగా పెట్టి చూపించాడు. అమ్మ నవ్వు ఆగిపోయింది.

ఇంత దూరం వచ్చాక, మా ఇంట్లో కూర్చుని కూడా, ఆ మాట పలకడానికి ఆ మనిషికి ధైర్యం చాలలేదు. అక్కడ ఎలా ఉందో నాకు అప్పుడు అర్థమైంది. మెల్లగా, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఇప్పుడు రేవులో గట్టున సిపాయిలు నిలబడుతున్నారట. వాళ్ళ నెత్తిన టోపీలు. ముఠా మోకు పట్టగానే అన్న అలవాటుగా కొంగపాట ఎత్తుకున్నాడు. తెలుగు తెలిసిన ఒకడు పోయి ఆ పాటను సిపాయిల అధికారికి చరణం చరణం విప్పి చెప్పాడు. టోపీవాళ్ళు మోసగాళ్ళంటున్నాడు, గట్టున నిలబడి మన కష్టం మింగుతున్నారంటున్నాడు అని. రెండు అర్థాలూ చెప్పాడు, దొంగవెధవ.

"సర్కారుని తిట్టినాడని కేసక్కా. ఆడ ఇప్పుడు సర్కారుని ఒక్క మాటంటే మనిషి మళ్ళీ కనపడడు."

"నా పాటే," అంది అమ్మ. అని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజునుంచి మా అమ్మ ఉప్పు అడిగినా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే అడిగేది.

నాకూ భయం పట్టుకుంది. బళ్ళో పిల్లలు పద్యం అప్పజెబుతుంటే ఉన్నట్టుండి తలుపువైపు చూసేదాన్ని. పల్లెవాళ్ళు మొదట జాలిపడ్డారు. తర్వాత మా వాకిట్లో ఆగడం మానేశారు. హెడ్మాస్టరుగారు నన్ను పక్కకు పిలిచారు.

"నువ్వు సర్కారు జీతం తినేదానివి అమ్మణ్ణీ. మీ అన్న మీద సర్కారుని తిట్టిన కేసుంది."

"అది వాళ్ళ సర్కారు కదండీ?"

"ఏ సర్కారైతే ఏంది? సర్కారు సర్కారే. నోరు మెదపమాక."

"మా అన్న తిట్టింది సర్కారుని కాదు సార్, మా కామందుని."

"ఆ ముక్క పోయి కామందు ముందర చెప్పు, చూద్దాం," అన్నారాయన. నాకు ఒళ్ళు మండింది. కానీ సుద్దముక్క తీసుకుని తరగతిలోకి పోయాను.

అమ్మా నేనూ రైలెక్కి గూడూరు మీదుగా నెల్లూరు పోయాం. ఎవరెవరినో అడిగి ఒక అధికారి ముందు నిలబడ్డాం. చెడ్డవాడు కాదు, విసిగిపోయిన మనిషి. అంతా విని అన్నాడు: "వాళ్ళ దేశంలో ఉన్నప్పుడు వాళ్ళ చట్టానికి లోబడాలి కదమ్మా. ఎవరో ఏదో పాట పాడితే మన ప్రభుత్వం వెళ్ళి ఏమని అడుగుతుంది?"

నా నాలుక నా మాట వినదు. "మావాడని అడగాలి సార్," అన్నాను. "తప్పు చేసినా మావాడే, చెయ్యకపోయినా మావాడే అని అడగాలి. మీరు అడక్కపోతే రంగూన్లో మాకెవరున్నారు అడగడానికి?"

గుమాస్తా రాయడం ఆపాడు. అధికారి తలెత్తి నన్ను చూశాడు.

"ఉద్యోగం చేస్తున్నావా?"

బడి పేరు చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో ఈ రోజుకూ తెలియదు. ఆ తర్వాత చాలాకాలం బడి గేటు దగ్గర సైకిలు చప్పుడైతే ఉద్యోగం ఊడిందనే అనుకునేదాన్ని.

"సరే," అన్నాడు చివరికి. "ఈ పాట వాళ్ళమీద కట్టింది కాదని తేలితే పైకి రాస్తాను. ఎవరిమీద కట్టారు?"

అమ్మా నేనూ ముఖాలు చూసుకున్నాం. చెబితే అమ్మ చేతిలో తాడు పోతుంది. ఆ తీరంలో వల ఉన్నది కామందుకొక్కడికే. చెప్పకపోతే అన్న పోతాడు.

"ఉత్త కొంగ మీద సామీ," అంది అమ్మ కొంగు చాటునుంచి.

"కొంగ టోపీ పెట్టుకుంటుందా?" అన్నాడాయన. "ఆ మనిషెవరో తీసుకురండి. ఆయన నోటితోనే చెప్పాలి."

తిరుగు పడవలో నా ఆలోచనంతా కామందు మీదే. ఆయన్ని అమ్మ అన్నా అని పిలుస్తుంది, నేను మామా అంటాను. ఇన్నేళ్ళూ ఆయన ముఖం మీదే కొంగా అని పాడింది. కానీ అదంతా తాడు చేతిలో ఉండగా అన్నది. ఉత్తచేతులతో ఆ మాట ఆయన గడపలో అనడం ఎలా? మా వాళ్ళలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. మా కష్టం విని ఆయన నవ్వి పొమ్మంటే, ఇంకెక్కడికి పోవాలో మాకు తెలియదు.

కామందు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. వల పక్కనే ఆరబెట్టి ఉంది. అమ్మ తిన్నగా ఆయన దగ్గరికి పోలేదు. వల దగ్గరికి పోయి, వంగి, తాడు కొస చేతిలోకి తీసుకుంది.

"అన్నా, తాడు పట్టుకోని చెప్తుండా. ఆ కొంగవి నువ్వే."

ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు. "ఆ సంగతి నాకు తెలవదా మ్మే?"

"ఆఫీసరు ముందర చెప్పాల. నా బిడ్డని బతికించాల."

"ఏమని చెప్పాల? కొంగననా?"

"కొంగవని." అమ్మ తాడును ఇంకా గట్టిగా పట్టుకుంది. "టోపీ పెడతావని."

ఆయన ముఖం నల్లబడింది. "మోసగాణ్ణని నా నోటితో నేనే చెప్పుకోవాల్నా? అదీ సర్కారోళ్ళ ముందర?" అని లేచి లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది. అమ్మ తాడు వదలకుండా ఎండలో అలాగే నిలబడింది. అయిపోయిందనుకున్నాను. అన్నను నేను చేతులారా పోగొట్టుకున్నట్టే ఏడుపొచ్చింది.

తలుపు తీసుకుని కామందు బయటికి వచ్చాడు. నెత్తిన టోపీ, కాళ్ళకు చెప్పులు. "పడవ కట్టమను," అన్నాడు.

నెల్లూరు ఆఫీసులో ఆయన ఆ టోపీ తీసి అధికారి బల్లమీద పెట్టాడు. అమ్మను పాట పాడమన్నారు. గొంతు రాలేదు. అమ్మ చీర చెంగు మెలిపెట్టి తాడులాగా రెండు చేతులా పట్టుకుంది. అప్పుడు వచ్చింది. ఆ గది అదిరిపోయేలా వచ్చింది. బంట్రోతులు గుమ్మం దగ్గర మూగారు. ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకు కామందు లేచి పోతాడేమోనని నేను ఆయన వైపే చూశాను.

ఆయన పోలేదు. "ఆ టోపీ ఇదే సామీ. ఆ కొంగని నేనే. లాగేటప్పుడు అంటారు, తాడు దించినాక అనరు. మా తావున అంతే. ఇన్నేళ్ళు తిట్టించుకున్నోణ్ణి, నాకు లేని కోపం వాళ్ళకెందుకు?"

"మరి టోపీ పెట్టడమంటే?" అడిగాడు అధికారి. "ఆ మోసం మాటో?"

కామందు అమ్మ వైపు చూశాడు. అమ్మ నేల చూస్తోంది.

"అది కూడా నా మీదనే," అన్నాడు. "నిజమే."

అధికారి అదంతా రాయించాడు. "పంపుతాం. ఏమవుతుందో మాత్రం మా చేతుల్లో లేదు," అన్నాడు. అయినా నేను ఆయనకు దండం పెట్టాను.

తర్వాత ఒక పోలీసు జవాను పల్లెకు వచ్చి, ఇక్కడ ఎవరు ఏం పాటలు పాడతారో విచారించి పోయాడు. మన మంచికే వచ్చాడని చెప్పినా ఎవరూ వినలేదు. ఆ మర్నాటినుంచి తీరంలో పాట ఆగిపోయింది. వలను ఊపిరి చప్పుడుతోనే లాగేవాళ్ళు. సరస్సు మీద పడవ కనబడితే చాలు, అమ్మ గట్టుకు పోయి నిలబడేది. దానిలో అన్న ఉన్నాడన్న ఆశకంటే, వాడి కబురు ఉందేమోనన్న భయమే ఎక్కువ.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున పడవలోంచి అన్నే దిగాడు. ఎముకల గూడు. అమ్మ వాడి ముఖం, చేతులు, వీపు తడిమి చూసింది, అన్నీ ఉన్నాయా లేదా అని. మన సర్కారు అడిగిందా, జైళ్ళు నిండి వాళ్ళే వదిలేశారా, ఎవరూ చెప్పలేదు. అన్న ఒక్కటే చెప్పాడు. ఒకరోజు మన దేశం తరఫు మనిషి ఒకాయన వచ్చి, కటకటాల అవతల నిలబడి ఇంగ్లీషులో ఏదో అడిగాడట. అందులో టోపీ అన్న మాటొక్కటే వాడికి అర్థమైందట.

"పేరు పెట్టి పిలిచినాడు పాపా నన్ను," అన్నాడు. "పట్టుకున్నాక నాకు పేరుందని గుర్తున్నది ఆయనకొక్కడికే."

ఒళ్ళు కాస్త కూడుకున్నాక అన్న వల దగ్గరికి వచ్చాడు. అందరూ వాడి కోసమే ఎదురుచూస్తున్నారు. బారులో అందరికంటే ముందు, నీళ్ళలో ఉండే చోటు వదిలారు. అన్న తాడు పట్టుకున్నాడు. పాట మాత్రం ఎత్తలేదు. లాగుతున్నాడు, మధ్యమధ్యలో గట్టువైపు చూస్తున్నాడు. గట్టున కామందు ఒక్కడే ఉన్నాడు. ఆ మౌనం ఆయనే భరించలేకపోయినట్టున్నాడు. చెప్పులు విడిచి, టోపీతోనే నీళ్ళలోకి దిగాడు. ఏనాడూ కాలు తడుపుకోని మనిషి మోకాటి లోతు వచ్చి, అన్న పక్కన తాడు పట్టి, తన బొంగురు గొంతుతో తానే ఎత్తుకున్నాడు. "టోపీ పెట్టిన కొంగయ్యా..."

అన్న తాడు వదిలేసి ఒక్క ఉదుటున ఆయన మీద పడ్డాడు. అరచేత్తో ఆయన నోరు గట్టిగా మూసేశాడు.

"వద్దు మామా, వద్దు," అన్నాడు. "ఎవురన్నా వింటారు."

ముందువాడు వదిలేసరికి మోకు అందరి చేతుల్లోంచీ జారి, వల వెనక్కి పోయింది. ఆ పూట చేపలన్నీ సముద్రంలోకే పోయాయి. ఎవరూ అన్నను తప్పుపట్టలేదు. కామందు తన నోటిమీది చెయ్యి తీయించలేదు. మా అన్న వణుకు తగ్గేదాకా అలాగే నీళ్ళలో నిలబడి ఉన్నాడు.