నల్ల పేజీ

పాపం నల్లగా ఉంటుందని పదేళ్లు ప్రకటించినవాణ్ణి నేను. నిజాం కాలంలో గుంటూరు నుంచి హైదరాబాదు సువార్త సభలకు వెళ్లినప్పుడు, నా చేతిలో అక్షరాలు లేని చిన్న పుస్తకం ఒకటి ఉండేది. అందులో నల్ల పేజీ పాపం, ఎర్ర పేజీ క్రీస్తు రక్తం, తెల్ల పేజీ కడిగిన హృదయం.

అఫ్జల్‌గంజ్‌లో జట్కా ఎక్కితే పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన సిద్దీల ఇంటి మనిషి. ఉత్సాహం ఆపుకోలేక పుస్తకం తెరిచి, "ఇదమ్మా పాపం" అన్నాను.

ఆమె తన చెయ్యి ఆ పేజీ మీద పెట్టింది. నా చెయ్యి కూడా లాగి పక్కనే పెట్టింది.

"మూడూ ఒక్క తీరుగనే ఉన్నయి గద కొడుకా! గిట్లైతే మనిద్దరం పాపం, తెల్లదొరలు పుణ్యమా?"

జట్కావాలా వెనక్కి తిరిగి, "నా గుర్రం గూడ నల్లదే భాయ్, దాని పేరు గూడ రాస్కో!" అన్నాడు.

ముందు గబుక్కున పుస్తకం మూసేశాను. తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. ముగ్గురం జట్కా ఊగేలా నవ్వాం.

"మరి సాయంత్రం సభలో పిల్లలకు పాపం ఏ రంగులో చూపించనమ్మా?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"తప్పు చేసిన నాడు నాకు రంగేం అగుపడలె బిడ్డా. సిగ్గైంది, గంతే."

ఆ సాయంత్రం పురానాపూల్ సభలో పుస్తకం తెరవలేదు. అలవాటు కొద్దీ 'నల్లని హృదయం' అనబోయి రెండుసార్లు నాలుక కరుచుకున్నాను, రెండుసార్లూ నాలో నేనే నవ్వుకున్నాను. రంగు చెప్పకపోయినా, ఎవరి పాపం వాళ్లకు తెలిసిపోయింది.