డిస్కులో దాచిన సైగలు

అచ్చాఫీసులో ఆమెను అందరూ ప్రూఫులక్కయ్య అనేవారు. ముప్పై ఏళ్లుగా ఇతరుల తప్పులు దిద్దిన మనిషి. ఇంట్లో పుట్టుచెవిటి తమ్ముడు. అతన్ని ఎవరూ బడికి పంపలేదు. అతని సైగలు అతను కల్పించుకున్నవే. చెవితమ్మె పట్టుకు లాగితే దాహం, మోచెయ్యి రెండుసార్లు తడితే భయం. అవి తెలిసినవాళ్లు తల్లీ, అక్కా ఇద్దరే. తల్లి పోయాక ఒక్కరే మిగిలారు.

తన తర్వాత వాడి గోడు ఎవరికి తెలుస్తుందన్న బెంగతో అక్కయ్య ఆ సైగలన్నీ ఫోనుతో వీడియోలు తీసింది. వీడియో తీసే రోజు తమ్ముడు తల నున్నగా దువ్వుకుని ముందే కుర్చీలో కూచునేవాడు. ఫోను నిండినప్పుడల్లా వాటిని లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోనులోవి చెరిపేసేది. నాలుగేళ్లలో ఆరువందల పైచిలుకు పోగయ్యాయి.

అంతలో లాప్‌టాప్ నత్తనడక పట్టింది. రిపేరు షాపతను మెమరీ చాలడం లేదని చెప్పి, ఇంకొంచెం వేశాడు. అది పరుగందుకుంది. మెమరీ పెరిగింది కదా, ఇక అన్నీ భద్రమే అనుకుంది అక్కయ్య. కొన్నాళ్లకు లోపలినుంచి టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైంది. పాతబడి మూలుగుతోందిలే అని ఊరుకుంది.

ఆ చలికాలం తమ్ముడికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చాక, సాయానికి వచ్చిన అన్నకూతురికి సైగలు చూపిద్దామని అక్కయ్య లాప్‌టాప్ తెరిచింది. డిస్కు కనబడటం లేదన్న ఒక్క ముక్క తప్ప తెర నల్లగా ఉంది.

"మొన్ననేగా బాబూ, మెమరీ వేయించాను," అంది షాపులో.

"అది వేరు, ఇది వేరమ్మా. మీరు ప్రూఫులు దిద్దే బల్ల ఉంది చూశారూ, మెమరీ అలాంటిది. పని చేస్తున్నంతసేపే దానిమీద కాగితాలుంటాయి. ఆపేస్తే ఖాళీ. డిస్కేమో దాచుకునే బీరువా. నేను బల్ల పెద్దది చేశానంతే. మీవన్నీ బీరువాలో ఉన్నాయి."

"అయితే బీరువా తెరువు నాయనా."

అతను డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "లోపల అద్దంలాంటి పళ్లెం తిరుగుతుందమ్మా. దానికి తగలకుండా సూదిలాంటిది చదువుతుంటుంది. అది పళ్లేన్ని గీరేసినట్టుంది. చప్పుడు మొదలైనప్పుడే తెచ్చుంటే..."

డిస్కును పోయినవి వెలికితీసేవాళ్లకి పంపారు. మూడువారాలకు తిరిగొచ్చింది. గీతలు లోతుగా పడ్డాయి, ఏమీ రాలేదన్నారు.

షాపతను కొత్త డిస్కు వేశాడు. "ఇందులో తిరిగేదేం లేదమ్మా, అంతా చిప్పులే. వేగం ఎక్కువ, కుదుపుల్నీ తట్టుకుంటుంది. కానీ ఇదీ ఒకరోజు పోతుంది, చప్పుడైనా చెయ్యకుండా. ఇంకోచోట మరో కాపీ ఉంచుకోండి."

"దేనికి కాపీ?" అంది అక్కయ్య.

ఇంటికొచ్చి ఆ సైగలు తనే చేయడం మొదలుపెట్టింది. అన్నకూతురు ఫోను పట్టుకుంది. నూట నలభై దగ్గర చేతులు ఆగిపోయాయి. మిగతావి తమ్ముడు చేస్తే ఇట్టే తెలిసేవి. తనంత తానుగా ఒక్కటీ గుర్తుకు రావడం లేదు.

మంచం మీదనుంచి చూస్తున్న తమ్ముడు ఎడమచెయ్యి ఎత్తి వంకరగా గాలిలో ఏదో చేశాడు.

"ఏమంటున్నాడత్తా బాబాయి?"

"తెలియట్లేదే."

మళ్లీ చేశాడు. మంచినీళ్లు, దుప్పటి, మందు ఒక్కొక్కటే తెచ్చి చూపించింది. దేనికీ తలాడించలేదు. కాసేపటికి చెయ్యి దించేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.