బతికున్న టవర్‌ను ఆపేసిన రోజు

2022 శీతాకాలం. కెనడాలో సార్నియా ఊరి చివర, కోత అయిపోయిన మొక్కజొన్న పొలాల మధ్య మా కంపెనీ సెల్ టవర్ ఒకటి ఉండేది. దాని బాగోగులు చూసే ఫీల్డ్ టెక్నీషియన్‌ని నేనే. రాజమండ్రిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ ఉద్యోగం వదిలి ఈ దేశం వచ్చాక, మళ్లీ కోర్సు చదివి, చలిలో జనరేటర్ల చుట్టూ తిరిగే ఈ పనిలో కుదురుకున్నాను. "ఆడమనిషివి, డీజిల్ డబ్బాలు మోస్తావా?" అని మావాళ్లు మొదట్లో తెగ నొచ్చుకున్నారు. నీళ్ల బిందెలు మోసినన్నాళ్లూ ఎవరూ నొచ్చుకోలేదు మరి!

మా పని గురించి నాలుగు మాటలు చెబితేగానీ ఈ కథ అర్థం కాదు. టవర్ అంటే జనానికి కనిపించేది పైనున్న ఇనుము. మాకు మాత్రం ముఖ్యమైనవి వేరే. ఒకటి రేడియో, అంటే మీ చేతిలోని ఫోన్‌తో మాట్లాడే పెట్టె. దానికి కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీలు, బ్యాటరీలు అయిపోతే డీజిల్ జనరేటర్. ఇవి కాక బ్యాక్‌హాల్ అని ఒకటుంది. టవర్ దగ్గరకు చేరిన మాటను మా పెద్ద కేంద్రానికి మోసుకెళ్లే ఫైబర్ తీగ అది. మీ ఫోన్ మీద కనిపించే గీతలు రేడియో సంగతే చెబుతాయి. ఫైబర్ తెగిపోతే ఆ సంగతి గీతలకు తెలియదు. అవి నిండుగానే ఉంటాయి, మాట మాత్రం టవర్ దాటి పోదు.

ఆ ఏడు మంచు కురవలేదు, వాన కురిసింది. తాకిన చోటల్లా గడ్డకట్టే వాన. చెట్ల కొమ్మలు, కరెంటు తీగలు గాజు తొడుగు వేసుకున్నట్టు తయారయ్యి, ఆ బరువుకు స్తంభాలు వరసగా పడిపోయాయి. దూరంగా నదీ తీరాన పెట్రోకెమికల్ ప్లాంట్ల మంటలు తప్ప ఎటు చూసినా దీపం లేదు. పెట్రోలు బంకులో పెట్రోలు ఉంది, పంపు తిరగదు. దుకాణంలో బ్రెడ్డు ఉంది, కార్డు మెషీన్ పలకదు. జేబులో నోట్లు పెట్టుకునే అలవాటు ఎవరికీ లేదు. మూడో రోజుకు పెద్దమనుషుల్లాంటి వాళ్లు కూడా డీజిల్ డబ్బా ఉన్న నా ట్రక్కు వైపు అదోలా చూడడం మొదలుపెట్టారు. ఇంతటి నాగరికత ఇంత సన్నటి తీగ మీద నడుస్తోందని పుస్తకాల్లో చదివాను కానీ, కళ్లతో చూడడం అదే మొదలు.

చుట్టుపక్కల మా కంపెనీ టవర్లన్నీ పడుకున్నాయి. ఆ వైపు బతికున్నది నాదొక్కటే. అడిగినచోటల్లా డీజిల్ అడిగి తెచ్చి, డబ్బాలు మోసి, చంటిపిల్లను సాకినట్టు సాకాను. రెండో రోజు సాయంత్రం ఎక్కడో ఫైబర్ తెగింది. అయినా రేడియోను ఆపలేదు. తీగ అతికిన మరుక్షణం టవర్ పని అందుకోవాలి కాబట్టి దాన్ని ఆన్‌లోనే ఉంచడం మా పద్ధతి. పెద్ద కేంద్రం అనుమతి లేకుండా సైటు, అంటే టవర్, ఆపకూడదన్నది మా మొదటి నియమం. ఆపితే ఉద్యోగం పోయిన సందర్భాలూ ఉన్నాయి.

అప్పట్లో సార్నియా కాలేజీకి మన పిల్లలు వెల్లువలా వచ్చిపడుతున్నారు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరేడుగురు. వారాంతాల్లో దూరాన బ్రాంప్టన్ నగరంలోని గోదాముల్లో పని, మిగతా రోజులు క్లాసులు. ఫోన్లు పలక్కపోయేసరికి వాళ్లలో కొందరు నడుచుకుంటూ నా టవర్ గేటు దగ్గరకు చేరారు. సిగ్నల్ కోసం డాబాలెక్కి, వాటర్ ట్యాంకులెక్కి పెరిగిన పిల్లలు కదా, టవర్ దగ్గరకే పోతే కాల్ కలవకపోతుందా అని వాళ్ల నమ్మకం. "గుడి దగ్గరకు వచ్చారు సరే, దేవుడు ఊళ్లో లేడు నాయనా" అని చెప్పి, జనరేటర్ ప్లగ్గుకు ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోనిచ్చాను. అలా వచ్చినవాళ్లలో శ్రావణి ఒకతి. వరంగల్ అమ్మాయి. ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి ఒక బేస్‌మెంట్‌లో ఉంటున్నానని చెప్పింది. వెళ్తూ వెళ్తూ నా ఫ్లాస్కులో టీ తాగి, "అల్లం తక్కువైంది ఆంటీ" అని వంక కూడా పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం అదే పిల్ల పొలానికి అడ్డం పడి వస్తూ కనిపించింది. రెండుసార్లు జారిపడింది. గేటు పట్టుకుని నిలబడలేక కిందికి జారిపోయింది.

"ఆంటీ, మా రూంల మౌనిక లేస్తలేదు. పొద్దుగాల నుంచి తల నొస్తందన్నది, వాంతి చేసుకున్నది. ఇప్పుడు పిలిస్తే పలుకుతలేదు. అంబులెన్స్ కోసం 911 కొడుతున్నం, పోతలేదు. గీతలైతే మొత్తం ఉన్నయి. ఈడికొస్తే కలుస్తదేమోనని ఉరికొచ్చిన."

"మౌనిక దగ్గర ఎవరున్నారు?"

"అనూష ఉన్నది. నేనొచ్చేదాంక ఫోన్ కొట్టుడు ఆపొద్దని ఒట్టు పెట్టించుకొని ఒచ్చిన. పైనుండేటోళ్లు చలికి ఆగలేక కమ్యూనిటీ హాల్‌కు పోయిన్రు. పక్కింట్ల ఎవ్వరు లేరు."

లేవదీద్దామని దగ్గరకు తీసుకున్నాను. జాకెట్ నిండా బొగ్గు వాసన.

"ఇంట్లో ఏం వెలిగించారమ్మా?"

"కుంపటి పెట్టుకున్నం. బార్బెక్యూ బొగ్గులు ఉండె. మౌనిక వాళ్లక్క బాలింత ఉన్నప్పుడు గదిల పెట్టిన్రట, మస్తు వెచ్చగుంటదని... పొగ కూడ లేదు ఆంటీ, నిప్పులే."

"కిటికీలు?"

"చలి రాకుంట ప్లాస్టిక్ కొట్టినం."

"గోడకు అలారం ఉండాలి కదా?"

శ్రావణి తల దించుకుంది. "తాలింపు పెట్టినప్పుడల్ల అరుస్తదని తీసి అల్మారల పెట్టినం."

బొగ్గు నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. రంగుండదు, వాసనుండదు, ముందు తలనొప్పి, తర్వాత మత్తు, ఆ తర్వాత ఇంకేమీ ఉండదు. మన ఇళ్లలో పెంకుల సందుల్లోంచి, తలుపుల కిందనుంచి గాలి ఆడుతుంది కాబట్టి బాలింత గదిలో కుంపటి చెల్లిపోయింది. ఇక్కడి బేస్‌మెంట్ మూత పెట్టిన డబ్బా. ఆ మూతకు వీళ్లు ప్లాస్టిక్ కూడా అంటించారు. అమ్మమ్మల తెలివి అబద్ధం కాదు, ఇల్లు మారింది అంతే.

నా ఫోన్ కూడా మా కంపెనీదే, దాన్నుంచీ కాల్ పోదు. కాకపోతే మా వృత్తిలో అందరికీ తెలిసిన కిటుకు ఒకటుంది. సిమ్ తీసేస్తే ఫోన్‌కి సొంత ఇల్లంటూ ఉండదు. అప్పుడు అత్యవసర కాల్‌కు మాత్రం ఏ కంపెనీ టవర్ దొరికితే దాని గుమ్మం ఎక్కుతుంది. ఊరి వాటర్ ట్యాంకు పక్కన వేరే కంపెనీ టవర్ పనిచేస్తోంది. చెవిదిద్దు తీసి, దాని కాడతో సిమ్ బయటకు లాగి 911 నొక్కాను. కలిసింది. అవతలి ఆమెకు శ్రావణి అడ్రసు చెప్పింది, నేను కుంపటి సంగతి చెప్పాను.

ఫైరింజన్ పంపుతున్నాం, రోడ్లు మూసుకుపోయాయి కాబట్టి ఆలస్యం కావచ్చు అంది ఆమె. "లోపల ఉన్నవాళ్లను వెంటనే బయటి గాలిలోకి రమ్మనండి. ఒక్క నిమిషం కూడా అక్కడ ఉండకూడదు. వాళ్లకు చెప్పగలరా?"

ఎలా చెప్పను? అనూష ఒట్టు నిలబెట్టుకుంటూ ఆ గాలిలోనే కూర్చుని ఉంది. స్పృహ లేని స్నేహితురాలి పక్కన, గీతలు నిండుగా ఉన్న ఫోన్ పట్టుకుని నొక్కిన నంబరే నొక్కుతోంది. ఆ ఫోన్ కూడా మా కంపెనీదే, నా టవర్‌ను వదలదు. నేను ఉన్నానని నా టవర్ దానికి చెబుతున్నంతసేపూ ఇంకో టవర్ కోసం వెతకదు. రోడ్డుకు అడ్డంగా కరెంటు స్తంభం పడి ఉంది, ట్రక్కులో చుట్టు తిరిగి వెళ్లాలి. మేం చేరేలోపు ఆ పిల్ల కూడా ఒరిగిపోవచ్చు.

అంటే ఆమెకు దారి ఇవ్వాలంటే నా టవర్ చావాలి.

టవర్ కింద పరికరాలుండే షెల్టర్ గదిలోకి వెళ్లి, రేడియోలకు కరెంటు ఇచ్చే బ్రేకర్ మీద చెయ్యి వేశాను. బయట ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంటున్న ఒక కుర్రాడు కేకేశాడు. "ఆంటీ, ఏం చేస్తున్నారు? ఉన్నదొక్కటీ ఆపేస్తే ఎలాగండి?"

"ఉండి ఏం ఉద్ధరిస్తోంది నాయనా?" అన్నానేగానీ, వెంటనే లాగలేకపోయాను. నియమం గుర్తుకొచ్చింది. అనుమతి అడుగుదామంటే అడగడానికే ఫోన్ లేదు. అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. పక్క కంపెనీ సిగ్నల్ ఆ బేస్‌మెంట్ గోడల్లోకి అందుతుందన్న నమ్మకం ఏమిటి? అందకపోతే, ఆ పిల్ల చేతిలో ఉన్న ఒక్క ఆశనూ నేనే లాగేసినట్టు. దేవుడా అనుకుని బ్రేకర్ కిందికి లాగాను. ఫ్యాన్లు ఆగిపోయాయి. ఇన్ని రోజులు నేను సాకిన టవర్ నా చేత్తోనే ఆరిపోయింది. ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి తీరిక లేదు.

ట్రక్కులో శ్రావణి నా మోచెయ్యి పట్టుకుని అడిగింది. "ఇప్పుడేమైతది ఆంటీ?"

"అనూష మళ్లీ ఒక్కసారి నొక్కాలి. నొక్కుతుందా?"

"నొక్కుతది," అంది. అంతలోనే, "నొక్కుతది కదా ఆంటీ?" అని నన్నే అడిగింది.

దారి మధ్యలో ఒకచోట ట్రక్కు ఆపించి శ్రావణి వాంతి చేసుకుంది. ఆ పిల్ల ఒంట్లోనూ ఆ గాలి ఉంది మరి. సందు తిరిగేసరికి ఇంటి ముందు గడ్డకట్టిన నేల మీద రెండు ఆకారాలు కనిపించాయి. ఒకతి పడుకుని ఉంది, మీద రెండు దుప్పట్లు. ఇంకొకతి చెప్పులు కూడా లేకుండా మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, అవతలివాళ్లు చెప్పిందానికి "యెస్, యెస్, బ్రీతింగ్, యెస్" అంటోంది. శ్రావణి ట్రక్కు ఆగకముందే దూకేసింది. మా వెనకాలే ఫైరింజన్ వచ్చింది.

ముగ్గుర్నీ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద పెట్టారు. మౌనిక కళ్లు తెరవడానికి మర్నాటి దాకా పట్టింది. మనిషి దక్కింది కానీ, ఒక సెమిస్టర్ పోయింది. చాలాకాలం మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో పదం దొరక్క ఆగిపోయేది.

అనూష ఒంగోలు అమ్మాయి. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు మంచం మీద కూర్చుని, తను చేసిందేదో తప్పయినట్టు మెల్లగా చెప్పింది. "సిగ్నల్ ఉంది కదా, ఇప్పుడో ఇంకాసేపట్లోనో కలుస్తుందని కూర్చుండిపోయానాంటీ. తల తిరుగుతున్నా లేవలేదు. లేచి మెట్ల మీదకు పోతే సిగ్నల్ పోతుందేమోనని భయం. ఉన్నట్టుండి గీతలన్నీ పోయినాయి. ఇంక మా పని అయిపోయింది, ఎవరూ రారు అనుకుని గట్టిగా ఏడ్చేశా. శ్రావణికి ఒట్టేశా కదా అని మళ్లీ నొక్కా. అప్పుడు కలిసింది. ఆవిడ ఫస్ట్ మాటే 'గెట్ అవుట్' అనింది. మౌనికని మెట్ల మీదుగా ఈడ్చుకుంటా బయటపడ్డా."

మా సూపర్‌వైజర్ గ్లెన్ నన్ను కూర్చోబెట్టి, అనుమతి లేకుండా సైటు ఎందుకు ఆపావని అడిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అంతా రాసుకుని పైవాళ్లకు పంపాడు. ఆ తర్వాత మా దగ్గర పద్ధతి మారింది. ఫైబర్ తెగి, వెంటనే అతికే ఆశ లేనప్పుడు రేడియోను కూడా ఆపెయ్యాలి.

టవర్‌ను ఎలాగైనా బతికించడమే మంచి టెక్నీషియన్ లక్షణమని నేర్చుకుని ఈ పనిలోకి వచ్చాను, ఇన్నేళ్లు అలాగే చేశాను. చచ్చిపోయిన టవర్ ఎవర్నీ మోసం చెయ్యదు. అది లేదని తెలిస్తే మనిషి లేచి ఇంకో తలుపు తడతాడు, వీధిలో పడి అరుస్తాడు. సాయం చెయ్యలేక, లేనని కూడా చెప్పక నిలబడ్డదే మనిషిని కదలనివ్వదు. ఆ మధ్యాహ్నం ఒక పిల్ల నా టవర్ గీతలను నమ్మి, ఊపిరాడని గదిలోంచి లేవకుండా కూర్చుంది. ఆ గీతలు పోయాకే ఆమె మాట ఎవరికో వినిపించింది.