సారు పెట్టెలో క్యాలెండర్ కాగితం

పక్కింటి సారు పోయాడని పోయిన నెల నల్లా దగ్గర తెలిసింది. హైదరాబాద్ దవాఖానలో గుండె ఆగిందట. బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చి తలుపేసుకున్నాను. మూడేళ్లుగా ఆయనతో మాట్లాడని దాన్ని, అందరి ముందు ఏ మొహంతో ఏడవను?

సారు మా మిర్యాలగూడలోనే అమ్మకం పన్ను ఆఫీసులో గుమాస్తా. సబ్బు బిళ్ల కొన్నా బిల్లు అడిగేవాడు. కొట్టువాళ్లు నవ్వేవాళ్లు. "పన్నంటే సర్కారు దవాఖానల సూదిమందు అక్కా. ఒకడు ఎగ్గొడితే ఇంకొకనికి అందదు" అనేవాడు.

నాకు భయం ఎక్కువ. మా ఆయన రైసుమిల్లు లారీ నడిపేవాడు. బండెక్కిన ప్రతిసారీ క్యాలెండర్‌లో ఆ తేదీకి కుంకుమ బొట్టు, క్షేమంగా వస్తే పక్కన పసుపు బొట్టు పెట్టేదాన్ని. సారు కోదాడ చెక్‌పోస్టుకు డ్యూటీ మీద పోయినా అంతే. ఒక నెల మా ఆయనకు రోజుకు రెండు ట్రిప్పులు పడ్డాయి. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి. మిల్లు సేటుకు చెప్పి తగ్గించమని, ఆ నెల కాగితం చింపి సారు చేతిలో పెట్టాను. ఆయన బొట్లన్నీ చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నెల తిరగకుండానే మిల్లు మీద కేసు పడింది. ఒకే బిల్లు మీద రెండు లోడ్లు పంపి, రెండోదాని పన్ను ఎగ్గొట్టారట. సేటు కోపం మా ఆయన మీద తీర్చుకున్నాడు. పని పోయింది. రోజుకు రెండు ట్రిప్పుల బొట్లున్న నా కాగితమే సారు ఆఫీసులో చూపించాడనుకున్నాను.

సారు మా గడప దగ్గరికి వచ్చాడు. "అక్కా, నేను చెప్పలే. ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది గదా, చెక్‌పోస్టు బిల్లు నంబర్లన్నీ అండ్ల కొడుతున్నం. ఒక్క నంబరే రెండుసార్లు వచ్చేసరికి అదే పట్టింది."

"మిషన్‌కు నోరుంటదా సారూ?" అన్నాను. ఆయనతో నా ఆఖరి మాట అదే.

ఆయన్ని దవాఖానకు తీసుకుపోయిన రోజు తలుపు సందులోంచి చూశాను. జీపెక్కుతూ మా గడప వైపు చూశాడు. నేను బయటికి రాలేదు.

పదకొండో రోజున ధైర్యం చేసి వాళ్లింటికి పోయాను. ఆయన ఇంటామె పెట్టె తీసి, మడత పెట్టిన కాగితం నా చేతికిచ్చింది. నా బొట్లే. దాని మీద ఆఫీసు ముద్ర లేదు, సంతకం లేదు.

"ఇది ఆఫీసుల ఇస్తే అన్నను సుత ఇరికిస్తరని ఎవ్వరికి సూపియ్యలే వదినె" అంది. "అక్క ఎప్పుడన్న మాట్లాడితే ఇద్దామన్నడు."

ఇంటికి వచ్చి ఈ ఏటి క్యాలెండర్‌లో, సారు జీపెక్కిన తేదీకి కుంకుమ బొట్టు పెట్టాను. అలవాటుకొద్దీ పసుపు భరిణె కూడా తెరిచాను. ఇంకా మూత పెట్టలేదు.